పద్దు పుస్తకం కథ సగంలో ఆగిపోయింది, ఎలా కదిలించాలి?

చుక్కలముగ్గు

నమస్కారమండీ. ఉగాది పోటీకి ఒక కథ రాస్తున్నాను. పరిమితి 1,800 పదాలు. 1,050 దగ్గర ఆగింది. మూడు వారాలుగా అక్కణ్ణుంచి కలం కదలడం లేదు. గడువు ఇంకా 19 రోజులుంది.

కథ ఇదీ. తెనాలి పక్కన ఒక పల్లెలో రాజ్యం కిరాణా కొట్టు నడుపుతుంది. బాబూరావు అనే కౌలురైతు ఇంటికి సరుకులన్నీ ఆ కొట్లోంచే అరువుకి వెళ్తుంటాయి. బాకీ 18,400 అయ్యాక బాబూరావు ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. కొంతకాలానికి గుండెపోటుతో పోయాడు. ఐదో రోజున రాజ్యం ఆ ఇంటికి వెళ్తుంది. అతని భార్య వెంకాయమ్మ అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఇద్దరూ మాట్లాడుకోవాలి.

అక్కడే ఆగింది. ఎన్నిసార్లు రాసినా పలకరింపు, కన్నీళ్లు, మౌనం, కాఫీ గ్లాసు. పదకొండు సార్లు రాసి కొట్టేశాను. ముగింపు మాత్రం మొదట్నుంచీ తెలుసు: రాజ్యం కొట్టుకి తిరిగొచ్చి పద్దు పుస్తకంలో ఆ పేజీ చింపేస్తుంది.

రోజూ మొదటి పేజీ నుంచి చదువుతూ, సరిచేస్తూ వస్తున్నాను. ఆగిన చోటికి చేరేసరికి ఓపిక అయిపోతోంది. రాసేది ఫోన్లో, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే కీబోర్డుతో. అడిగేవి మూడు. దీన్ని పక్కన పెట్టేసి వేరే కథ ఎత్తుకోవాలా? రోజుకి ఎంతసేపు, ఎన్ని పదాలు రాయాలి? ఈ సంభాషణని అసలు ఎలా మొదలుపెట్టాలి?

కలంపాళీ

మూడో ప్రశ్న తేలితే మొదటిది దానంతటదే తేలిపోతుంది. అందుకని దాంతోనే మొదలుపెడతాను.

కథ ఆగిన చోట సాధారణంగా తప్పు ఉండదు. అంతకుముందు ఎక్కడో మీరు తేల్చుకోకుండా దాటేసిన ప్రశ్న ఒకటి ఉంటుంది. అది ఇక్కడికొచ్చి అడ్డం పడుతుంది. ప్రతి సన్నివేశానికీ ముందు తెల్లకాగితం మీద మూడు వాక్యాలు రాసుకోండి. ఎవరు వచ్చారు? ఏం చేతికి తీసుకుని ఇక్కణ్ణుంచి కదలాలని వచ్చారు? రేపు కాకుండా ఇవాళే ఎందుకు? ఈ మూడింటిలో ఏది ఖాళీగా ఉంటే సన్నివేశం అక్కడే కుంటుతుంది. మీ కథలో రెండోదీ మూడోదీ రెండూ ఖాళీ.

రాజ్యం డబ్బు కోసం వచ్చిందంటారేమో. ఐదో రోజున ఆ ఇంట్లో 18,400 ఉండవని ఆమెకి తెలుసు, వెంకాయమ్మకి తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు. దొరకదని అందరికీ తెలిసిన దాన్ని అడిగితే అవతలివాళ్లకి ఏడవడం తప్ప చేయడానికి ఏమీ ఉండదు. పదకొండు సార్లూ మీకు కన్నీళ్లే రావడానికి కారణం అదే. మీ వాక్యాల్లో లోపం కాదు.

దారి మీ కథలోనే ఉంది. నోటు మీద తేదీ చూడండి. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన ప్రామిసరీ నోటుకి రాసిన తేదీ నుంచి మూడేళ్లే బలం. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, దావా నిలవదు. ఆ లోపల బాకీలో కొంత చెల్లించి, ఆ చెల్లింపు సంగతి తేదీతో రాసి సంతకం పెడితే ఆ చెల్లు తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఊళ్లలో నోటు వెనక చెల్లు రాయించుకోవడం అంటారే, అదే. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ఉన్నదీ ఇదే. మనిషి పోయాడు కాబట్టి వారసులు చెల్లు వేయొచ్చు. వాళ్ల బాధ్యత కూడా అతను వదిలి వెళ్లిన ఆస్తి మేరకే.

నోటు రాసి రెండేళ్ల పదకొండు నెలల పైన అయిందని పెట్టండి. ఇప్పుడు రాజ్యానికి కావలసింది 18,400 కాదు. వంద రూపాయలు, ఒక సంతకం. అది అడగగలిగే కోరిక, ఒప్పుకోవడానికో కాదనడానికో వీలున్న కోరిక. పైగా శోకంలో ఉన్న ఇంట్లో అడగడానికి ఎంత మొహమాటమైన కోరికో చూడండి. రాజ్యం సంచిలో నోటు ఉంది, పెన్ను ఉంది. వెంకాయమ్మకి రాయడం వచ్చో రాదో తెలియదు కాబట్టి వేలిముద్ర వేయించడానికి ఇంకు ప్యాడ్ కూడా వేసుకొచ్చింది. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి ఇక ఊరికే పరామర్శించలేదు. ఆ సంచి గురించి మీరు ఒక్క ముక్క రాయకపోయినా ఆమె కూర్చునే తీరు మారుతుంది.

ఇంకోటి. వెంకాయమ్మకి రాయడం రాకపోతే చెల్లు మాట ఎవరో రాయాలి. ఆ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే కొడుకు ఉన్నాడనుకుందాం. తండ్రి బాకీని తన చేత్తో ఒప్పుకునే వాక్యం ఆ పిల్లవాడే రాయాల్సి వస్తుంది. మూడో మనిషి రావడంతో మీరు ఇరుక్కున్న ఇద్దరి మౌనం తెగుతుంది. ఆ వంద రూపాయలు వెంకాయమ్మ దగ్గర లేకపోతే ఎవరు ఇస్తారు? రాజ్యమే తన వంద ఆమె చేతిలో పెట్టి, తిరిగి తీసుకుంటుందా? దీనికి జవాబు నేను చెప్పను. కథ మీది. జవాబు వెతుక్కుంటూ రాయండి, చేయి ఆగదు.

మార్జిన్

పైన చెప్పింది కథ లెక్క. నేను మాట లెక్క చెబుతాను. తెలుగులో సంభాషణ మొండికేయడానికి చాలాసార్లు పిలుపే కారణం.

రాజ్యమూ వెంకాయమ్మా ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారు? మీ ప్రశ్నలో అది లేదు, బహుశా మీ కాగితాల మీదా లేదు. ‘వదినా’ అంటే ఇరవై ఏళ్ల రాకపోకలు. ‘రాజ్యంగారూ’ అంటే కొట్టు గల్లాకి అటూ ఇటూ ఉన్న దూరం. ‘అమ్మాయ్’ అంటే వయసులో పెద్ద తానని చెప్పడం. ‘ఏవమ్మోయ్’ అంటే ఇంకో సంగతి. ఇది తేలకుండా ‘నువ్వు’ రాయాలా ‘మీరు’ రాయాలా అన్నదీ తేలదు. అది తేలకపోతే తెలుగులో క్రియ పూర్తికాదు. ‘వచ్చావా’, ‘వచ్చారా’ దగ్గరే ఆగిపోతారు. బుర్రలో మాట ఉండి కాగితం మీదికి రాకపోవడం చాలావరకు ఇదే.

కథ చెప్పే గొంతుకీ ఇదే వర్తిస్తుంది. రాజ్యాన్ని ‘ఆమె’ అంటున్నారా, ‘ఆవిడ’ అంటున్నారా, ప్రతిచోటా పేరే వాడుతున్నారా? ‘ఆవిడ’ అన్నప్పుడు చెప్పే మనిషి ఆ వీధిలో ఉన్నట్టు. ‘ఆమె’ కొంచెం దూరం. బాబూరావుని ‘అతను’ అని కొన్నిచోట్లా ‘ఆయన’ అని కొన్నిచోట్లా రాస్తే, చెబుతున్నది ఎవరో మీకే తెలియకుండా పోతుంది. ఇప్పటిదాకా రాసిన 1,050 పదాల్లో ఈ సర్వనామాలన్నిటి కిందా గీత పెట్టి చూడండి. పావుగంట పని. గొంతు మారిన చోటు దొరికితే అక్కణ్ణుంచే కథ జారడం మొదలైంది.

పరీక్ష కోసం ఈ సన్నివేశాన్ని రాజ్యం నోటితో ఉత్తమ పురుషలో ఒక పేజీ రాయండి, తర్వాత కొడుకు కళ్లతో ఒక పేజీ. కథలో వాడుకోవడానికి కాదు. ఏ పేజీలో చేయి వేగంగా ఆడిందో ఆ మనిషికి మీకంటే ఎక్కువ తెలుసన్నమాట. వాళ్లు చూసిన వివరాలు తెచ్చుకుని మళ్లీ ప్రథమ పురుషలో పెట్టుకోవచ్చు.

ఇక మొదటి మాట. పలకరింపు రాయకండి. పలకరింపు అయిపోయింది అనుకుని, వచ్చిన పనికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర మొదలుపెట్టండి. పైగా ఆ పని మాట వచ్చినామె కాకుండా అవతలామె ఎత్తితే ఇంకా బిగుస్తుంది. ఇలా ఉండొచ్చు:

“ఎండనబడి వచ్చావేందొదినా.”

“కొట్లో పిల్లోణ్ణి కూచోబెట్టి వచ్చా.”

“పొద్దున కందిపప్పు పంపిచ్చావంట. పద్దులో రాసుకున్నావా?”

రాజ్యం సంచి ఒళ్లోకి లాక్కుంది.

“దానికేం తొందరొదినా.”

“రాసుకో. ఆయనుంటే రాసుకోమనేవోడే.”

ఇందులో ఎవరూ ఏడవలేదు. బాకీ అన్న మాటే లేదు. కానీ వెంకాయమ్మ అప్పు ఎగ్గొట్టే మనిషి కాదని తెలిసింది. దాంతో రాజ్యం అడగడం తేలిక కాలేదు, ఇంకా కష్టమైంది. ఇద్దరి మధ్యా ఏదో ఒకటి బరువెక్కుతున్నంతసేపూ మాట ఆగదు. ప్రతి మాటకీ ముందు, ఈ మాట అవతలిమనిషికి కాదనడం తేలిక చేస్తోందా, కష్టం చేస్తోందా అని చూసుకోండి. రెండూ కాకపోతే కొట్టేయొచ్చు.

యాస గురించి ఒక్కమాట. తొలిప్రతిలో యాసని సరిదిద్దుకుంటూ కూర్చోవద్దు. ‘ఏంది’ రాయాలా ‘ఏంటి’ రాయాలా అని ఆగిన ప్రతిసారీ వెనకాల వచ్చే మాట జారిపోతుంది. నోటికొచ్చినట్టు రాసేసి, చివర్లో ఒక్కో పాత్ర మాటలు విడిగా పైకి చదివి ఒకే తీరుకి తెచ్చుకోండి.

అరఠావు

రెండో ప్రశ్నకి జవాబు. ఎంతసేపు, ఎన్ని పదాలు.

ఇంగ్లీషు రాసేవాళ్లు చెప్పే లెక్కలు తెలుగుకి అలాగే తెచ్చుకోవద్దు. ఒక్క నెలలో 50,000 పదాల నవల రాయాలన్న నానోరైమో సవాలు 1999లో మొదలైంది. దాని ప్రకారం రోజుకి 1,667 పదాలు. తెలుగులో ‘వెళ్లాల్సొచ్చింది’, ‘చెప్పలేకపోయినందుకు’ ఒక్కో పదమే. ఇంగ్లీషులో అవి మూడు నాలుగు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పదాలవుతాయి. ఆ అంకె పెట్టుకుని కూర్చుంటే మూడో రోజుకి చేతకాలేదనిపిస్తుంది, నాలుగో రోజు కాగితం తీయరు. మామూలు చేతిరాతలో అరఠావుకి ఒకవైపు 150 పదాలు అటూ ఇటుగా పడతాయి. ఉద్యోగమో ఇంటిపనో చేసుకుంటూ రాసేవాళ్లకి రోజుకి రెండు అరఠావులు, అంటే 300 పదాలు చాలు. ఆగిపోయి ఉన్నప్పుడు అందులో సగమే పెట్టుకోండి, 150. అంకె చిన్నగా ఉండాలి, రోజు తప్పకూడదు.

సమయం 25 నిమిషాలు. ఫోను వేరే గదిలో పెట్టి, గోడ గడియారమో వంటింటి టైమరో పెట్టుకోండి. ఆ 25 నిమిషాల్లో చదవడం లేదు, కొట్టివేత లేదు. పేరు గుర్తురాకపోతే, పెద్దకర్మ నాటి వంట వివరం తెలియకపోతే, ఆ చోట రెండు ఇంటూ గుర్తులు పెట్టి ముందుకి పోండి. ‘×× వంట’ అని చాలు. వివరం వెతకడానికి లేచారంటే ఆ పూట రాత అయిపోయినట్టే. తర్వాత ఆ గుర్తుల్ని వెతుక్కుంటూ అన్నీ ఒకే కూర్చోవడంలో నింపుకోవచ్చు.

మీరు రోజూ మొదటి పేజీ నుంచి సరిచేస్తూ వస్తున్నానన్నారు. అసలు గండి అక్కడ పడింది. ఈ ఇబ్బందికి రైటర్స్ బ్లాక్ అని 1947లో పేరు పెట్టింది ఎడ్మండ్ బర్గ్లర్ అనే మనోవిశ్లేషకుడు. ఆయన దీన్ని మనసు లోతుల్లోని గాయాలకి ముడిపెట్టాడు. రాసే బల్ల దగ్గర దాంతో పెద్దగా పనిలేదు. పనికొచ్చేది మైక్ రోజ్ 1980లో రాసిన పరిశీలన. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలిస్ శాఖలో పదిమంది విద్యార్థుల్ని చూశాడు. ఐదుగురు రాయలేక ఆగిపోయేవాళ్లు, ఐదుగురు సాఫీగా రాసేవాళ్లు. తెలివిలో తేడా కాదు. ఆగిపోయేవాళ్లు ఒకటి రెండు నియమాల్ని గట్టిగా పట్టుకుని వేలాడుతున్నారు. మొదటి పేరా అద్భుతంగా కుదిరితేగానీ రెండోదానికి వెళ్లకూడదనుకోవడం అలాంటిదే. సాఫీగా రాసేవాళ్లకీ నియమాలున్నాయి, కానీ కుదరనప్పుడు వదిలేస్తున్నారు.

కాబట్టి వెనక్కి చదవడానికి హద్దు పెట్టుకోండి. నిన్న రాసిన చివరి రెండు పేరాలు మాత్రమే. అంతకంటే పైకి పోవద్దు. ఆగేటప్పుడు మాట నిండుగా ఉన్నచోట ఆగండి, ఖాళీ అయ్యాక కాదు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసినప్పుడే ఆపమని హెమింగ్వే చెప్పింది ఇందుకే. వాక్యం సగంలో ఆపినా మంచిదే. మర్నాడు కూర్చోగానే ఆ సగం పూర్తిచేయడానికి చేయి దానంతటదే కదులుతుంది.

రాయాలన్న మూడ్ వచ్చేదాకా ఎదురుచూస్తే సరిపోతుందనే మాటకి రాబర్ట్ బాయిస్ 1983లో చేసిన ప్రయోగం జవాబు. విశ్వవిద్యాలయ అధ్యాపకుల్ని మూడు బృందాలు చేశాడు. ఒక బృందం తప్పనిసరిగా రోజూ రాయాలి. ఒకటి బుద్ధిపుట్టినప్పుడు రాయొచ్చు. ఇంకొకటి అత్యవసరమైతే తప్ప రాయకూడదు. రోజూ కూర్చున్నవాళ్లకి పేజీలే కాదు, కొత్త ఆలోచనలూ ఎక్కువ వచ్చాయి. అవి కథలు కావు నిజమే, అయినా తెల్లకాగితం ముందు కూర్చోవడం అందరికీ ఒకటే.

ఇక ఫోను. ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు కొట్టేటప్పుడు ప్రతి మాటకీ రెండు పనులు: మాట తట్టడం, దాన్ని రోమన్ అక్షరాల్లోకి విడగొట్టడం. పైగా కీబోర్డు మూడు రూపాలు చూపించి ఎంచుకోమంటుంది. ‘కళ’ కావాలంటే ‘కల’ వస్తుంది, ‘వాణ్ణి’ బదులు ‘వాని’ వస్తుంది. ‘ఏందొదినా’ లాంటి మాట దానికి తెలియదు. ఒక్కో మాట దగ్గర మీరు దిద్దుబాటు మనిషి అయిపోతున్నారు. తొలిప్రతి కాగితం మీద, ఒకవైపే, ఎడమపక్క రెండువేళ్ల మార్జిన్ వదిలి రాయండి. ఫోన్లోకి ఎక్కించేది రెండోప్రతి. ఎక్కించేటప్పుడే సగం దిద్దుబాటు అయిపోతుంది. చేతిరాత నొప్పి అయితే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి, అంటే మీటల మీద నేరుగా తెలుగు అక్షరాలే ఉండే కీబోర్డు. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి ఉంటాయి. రోజుకి అరగంట చొప్పున కొన్ని వారాలు పడుతుంది. ఈ పోటీ అయ్యాక మొదలుపెట్టండి, ఇప్పుడు కాదు. మాట్లాడితే టైపు చేసే సౌకర్యం సంభాషణల తొలిప్రతికి బాగా పనికొస్తుంది. కానీ యాసని మామూలు మాటల్లోకి మార్చేస్తుంది, విరామ చిహ్నాలు సరిగా పడవు. అందుకని గొంతు రికార్డు కూడా అట్టేపెట్టుకోండి.

ఒక్క జాగ్రత్త. కథే కాదు, దేనిమీదా మనసు నిలవకపోవడం, నిద్రా తిండీ తప్పడం రెండు వారాలు దాటితే ఇవేవీ మందు కావు. డాక్టర్ని కలవాలి. కథ ఎక్కడికీ పోదు.

చుక్కలముగ్గు

అందరికీ ధన్యవాదాలండీ. నోటు తేదీ సంగతి తెలియగానే రెండు అరఠావులు కదిలింది. వెంకాయమ్మ ‘వదినా’ అంటుంది, రాజ్యం కూడా ‘వదినా’ అనే అంటుంది అని తేల్చుకున్నాను.

ఇంకా రెండు చిక్కులు. నోటు ఉన్నాక పద్దు పేజీ చింపే ముగింపు నిలుస్తుందా? అదే నాకు ఈ కథ రాయాలనిపించిన బొమ్మ, వదులుకోబుద్ధి కావడం లేదు. రెండోది, మిగిలింది 750 పదాలే. చెల్లు రాయించే సన్నివేశానికే అంతకంటే ఎక్కువ పట్టేలా ఉంది.

తాటాకు

ముందుగా ముగింపు. అది మీకు ప్రాణమైనదని తెలుస్తోంది, కానీ నిజం చెప్పాలి. ఈ కథని ఆపింది ఆ ముగింపే. రాజ్యం క్షమించేస్తుందని మీకు ముందే తెలుసు కాబట్టి ఆ అరుగు మీద జరిగే దేనికీ విలువ లేకుండా పోయింది. సంభాషణ ఎటుపోయినా పేజీ చిరగడమే. పాత్రలకి ఇది తెలిసిపోతుంది, మాట్లాడటం మానేస్తాయి.

నోటు వచ్చాక ఇంకో చిక్కు. పద్దు పేజీ చింపితే అప్పు పోదు. నోటు రాసినప్పుడే ఆ బాకీ పుస్తకం దాటి నోటులోకి వెళ్లింది. ఊళ్లో కొట్టు నడిపిన ఎవరు చదివినా ఇక్కడ పట్టుకుంటారు. రాజ్యానికీ ఆ సంగతి తెలుసు. తెలిసీ పేజీ చింపితే అది వేరే అర్థమవుతుంది: నోటు అట్టేపెట్టుకుని, కనబడేది మాత్రం చింపిందని.

బొమ్మని పారేయకండి, ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. ఇంకో నాలుగు ముగింపులు ఒక్కో వాక్యంలో రాయండి. చెల్లు రాయించుకుని వచ్చింది. అడగకుండానే తిరిగొచ్చింది, నోటు గడువు దాటింది. పిల్లవాడు రాయనన్నాడు. చెల్లు రాశారు, సంతకం దగ్గర తేదీ వేయలేదు, అది ఎవరూ గమనించలేదు. ఒకటి కుదరకపోతే ఇంకో నాలుగు. సాధారణంగా మొదటి మూడూ ఎక్కడో చదివినవి వస్తాయి, తర్వాతివి మీవి. ఏదీ ఇప్పుడే ఖాయం చేసుకోవద్దు. సన్నివేశం రాశాక, అందులో ఏం జరిగిందో దాన్నిబట్టి ఎంచుకోండి.

నిడివి. రాసిన 1,050 పదాల్లో ప్రతి పేరాకీ ఎదురుగా మార్జిన్లో ఒక్క ముక్క రాయండి, ఆ పేరా ఏం చేస్తోందో: ‘కొట్టు వర్ణన’, ‘బాబూరావు మంచితనం’, ‘మరణవార్త’, ‘దారి’. ఒకే ముక్క రెండు చోట్ల వస్తే రెండోది కొట్టేయొచ్చు. ఏ ముక్కా రాయలేకపోతే ఆ పేరాయే అక్కర్లేదు. మీరు చెప్పిన కథకి కొట్టు, అరువు, మరణం కలిపి 400 పదాలు చాలు. అరుగు మీద 1,000. తర్వాత 300. మొత్తం 1,700. ఆ వంద మిగలనివ్వండి, పోటీకి పంపేటప్పుడు అంచుదాకా నింపితే చివరి నిమిషంలో ఒక్క మాట చేర్చడానికి చోటుండదు. 650 పదాలు కొట్టేయడం బాధే. కొట్టేసినవి వేరే కాగితంలో దాచండి. చేయి వణకకుండా కొట్టడానికి అదొక్కటే ఉపాయం.

‘అరఠావు’ గారితో ఒకచోట నాకు భేదం ఉంది. రోజుకి ఇన్ని పదాలన్న లెక్క నవలకీ ధారావాహికకీ సరే. 1,800 పదాల కథకి అది కొన్నిసార్లు చెరుపు చేస్తుంది. అంకె కోసం రాసిన మాటలు కథలో ఉండిపోతాయి. మీరు ఆ పదకొండు ప్రయత్నాలూ అలాగే చేసినట్టున్నారు. చిన్నకథకి రోజుకొక సన్నివేశం లెక్క పెట్టుకోండి, పదాలు కాదు. మీకున్న 19 రోజుల్లో: నాలుగు రోజులు కోత, ఐదు రోజులు అరుగు సన్నివేశం ఆదినుంచి చివరిదాకా, రెండు రోజులు ముగింపు. తర్వాత మూడు రోజులు కాగితాలు బీరువాలో పెట్టేయండి. మిగిలిన ఐదు రోజులు దిద్దుబాటు, ఎక్కించడం, పంపడం.

మొదటి ప్రశ్నకి కూడా ఇదే జవాబు. అరుగు సన్నివేశం మూడుసార్లు పూర్తిగా రాసినా, ఇద్దరిలో ఒక్కరైనా వచ్చినప్పటికంటే వేరే మనిషిగా లేవకపోతే అప్పుడు వదిలేయండి. పూర్తిగా రాయడమంటే సగంలో కొట్టేయకుండా. పదకొండు సగాలు మూడు పూర్తిప్రతులతో సమానం కావు.

కలంపాళీ

‘తాటాకు’ గారు చెప్పిన తేదీ లేని చెల్లు మంచి మలుపే. దాన్ని వాడితే ఒక చిన్న సంగతి చూసుకోండి. చెల్లు గడువు లోపలే పడాలి. మూడేళ్లు నిండాక వేసిన చెల్లు నోటుకి ప్రాణం పోయదు. అంటే ఆ తేదీ లేకపోవడం రేపు కోర్టులో పెద్ద తగాదా అవుతుంది, ఎప్పుడు రాశారో రాజ్యమే రుజువు చేసుకోవాలి.

ఇవాళే ఎందుకు అన్న మూడో వాక్యానికి కూడా ఇది పనికొస్తుంది. మీ కథలో పెద్దకర్మ పదకొండో రోజైతే నోటు గడువు పదో రోజుతో ముగిసేలా తేదీ వేయండి. లేకపోతే, పెద్దకర్మ అయ్యాక వెళ్లొచ్చుగా అని చదివేవాళ్లు అడుగుతారు. మరణించిన తేదీ, ఐదో రోజు, పదో రోజు, నోటు తేదీ నాలుగూ ఒక క్యాలెండరు మీద గుర్తుపెట్టుకుని, అది ఎదురుగా గోడకి తగిలించి రాయండి. ఐదో రోజు ఆదివారం పడితే పిల్లవాడు ఇంట్లో ఉంటాడు.